గిల్పిన్ గారి కొయ్యసుత్తికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొయ్యసుత్తి గారికి,

వేల్స్‌లోని టింటర్న్ మఠాన్ని చూసి, వై నది ఒడ్డున కూర్చుని ఈ లేఖ రాస్తున్నాను. 1770లో ఇక్కడికి వచ్చిన మతాచార్యుడు విలియం గిల్పిన్, శిథిలాలను తనివితీరా మెచ్చుకుంటూనే, త్రికోణపు గోడకొసలు మాత్రం మరీ తీరుగా ఉండి కంటికి గుచ్చుకుంటున్నాయనీ, కొయ్యసుత్తితో ఒడుపుగా కొంత విరగ్గొడితే మేలనీ 1782లో అచ్చువేయించాడు. అంత తెగువ ఎవరికుందని కూడా ఆయనే అడగడంతో తమరికి కొలువు దక్కలేదు.

దక్కినా పెద్దగా పని మిగల్లేదు లెండి. 1131లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల కోసం వెలసిన ఈ మఠాన్ని ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1536లో మూయించాక పైకప్పు మీది సీసపు రేకులను ఒలిచేశారు. తక్కినది వానలు చూసుకున్నాయి. ఆ గోడల మీద ఐవీ తీగ అల్లుకునేసరికి దోపిడీ కాస్తా సౌందర్యమైపోయింది. వర్డ్స్‌వర్త్ 1798లో రాసిన కవితను మన ఇంగ్లీషు ఎం.ఏ. విద్యార్థులు తరతరాలుగా పరీక్షల కోసం చదువుతున్నారు గానీ, అందులో మఠం శీర్షిక దాటి లోపలికి అడుగు పెట్టదు.

గిల్పిన్ చూసీ చూడనట్టు పోయాడని మాత్రం అనను. శిథిలాల మధ్య గుడిసెలు వేసుకున్న బిచ్చగాళ్లను గురించి ఆయనే రాశాడు. రెండు కర్రల ఆసరాతో కాళ్లీడ్చుకుంటూ నడిచే ఒక ముసలామె, సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని ఆయనను వెంటబెట్టుకుపోయింది. తీరా చూస్తే అది నీరు కారే గోడల నడుమ, ఒక పాడుపడిన మంచంతో ఆమె కాపురమున్న గది. ఇంత చూసిన మనిషే, అర మైలు దూరంలోని ఇనుప కార్ఖానాల చప్పుడు ఈ ప్రశాంతతకు భంగమన్నాడు. 1566 నుంచి ఇనుప తీగలు లాగి పొట్టపోసుకున్న ఊరికి ఆ చప్పుడే అన్నం అన్న సంగతి మాత్రం ఆయన చిత్రంలో ఇమడలేదు.

1901లో ప్రభుత్వం మఠాన్ని కొన్న తరువాత ఐవీ తీగలు తొలగించి, గోడలను నిలబెట్టింది కనుక తమరు వాటి జోలికి వెళ్లనక్కర లేదు. అయితే ఈ ఉదయం ఒక పర్యాటకుడు, రోడ్డు పక్క ఇంటి ముందున్న చెత్తడబ్బా తన ఫొటోలో పడుతోందని, దాన్ని లోపలికి జరపమనడానికి ఆ ఇంటివారి తలుపు తట్టాడు. తమరింకా కొలువు వెతుక్కుంటున్నట్టయితే, ముందుగా ఆయన ఫోను సంగతి చూడవలసిందిగా మనవి.

ఇట్లు,
తమ విధేయుడైన మరో పర్యాటకుడు