పక్షవాతానికి ఆస్పిరిన్, సూది, నీళ్ళు: ఆ సలహాలో తప్పులివి

వాట్సాప్‌లో తిరుగుతున్న సలహా: "పక్షవాతం అంటే రక్తం చిక్కబడటం. మూతి వంకరపోగానే ఆస్పిరిన్ నమిలించండి, వేళ్ళ కొనలు సూదితో గుచ్చి రక్తం తీయండి, నీళ్ళు బాగా తాగించండి." దయచేసి ఇందులో ఏదీ చేయకండి.

ముందు చిక్కదనం సంగతి. కొందరికి మెదడులో నాళం చిట్లుతుంది. అక్కడ తప్పు ఎక్కువగా ఏళ్ళ తరబడి బీపీకి నలిగిన నాళం గోడది. కొందరికి నాళం మూసుకుపోతుంది. గుండె లయ తప్పి ఎడమ కర్ణికలో (గుండె ఎడమవైపు పై గదిలో) కట్టిన గడ్డ కొట్టుకొచ్చి అడ్డుపడొచ్చు, మెడ ధమనిలో కొవ్వు పూడిక పగిలి దానిమీద గడ్డ కట్టొచ్చు. చిక్కదనానికీ పాత్ర ఉంది: ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్) పెరిగితే రక్తం నెమ్మదిగా నడిచేచోట ఎర్రకణాలు దొంతరలుగా అంటుకుంటాయి. అయితే పక్షవాతం వచ్చిన తర్వాత కూడా ఫైబ్రినోజెన్ పెరుగుతుంది కాబట్టి, రిపోర్టులో ఎక్కువుందని అదే కారణమనలేం. 1980లలో ఇటలీలో, స్కాండినేవియాలో ఆసుపత్రుల్లోనే రోగుల రక్తాన్ని పలచన చేసి చూశారు. ఫలితం మెరుగుపడలేదు.

ఆస్పిరిన్ రక్తాన్ని పలచన చేయదు, కట్టిన గడ్డనూ కరిగించదు. ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా ఆపుతుంది, అంతే. నాళం చిట్లిన మనిషికి ఆ పనే ప్రమాదం. మూతి చూసి ఏ రకమో ఎవరూ చెప్పలేరు. సీటీ స్కాన్‌లో తాజా రక్తస్రావం తెల్లగా కనిపిస్తుంది. అది లేదని తేలాకే, అర్హులైతే, 4.5 గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత సాధారణంగా 24 గంటలు ఆస్పిరిన్ జోలికే పోరు.

సూదిపోటు? ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే పది చుక్కలతో ఏమీ మారదు. నీళ్ళు మాత్రం నేరుగా హాని చేస్తాయి: మింగే కండరాలు పడిపోయి ఉంటే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి.

కొందరు బీపీ మాత్ర కూడా వేస్తున్నారు. ఇది మరీ ఘోరం. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. 20కి పడితే ఆ భాగం పనిచేయడం ఆగుతుంది, 10కి దిగితే చచ్చిపోతుంది. ఆ మధ్యలో ఉన్నది ఇంకా దక్కుతుంది, దాన్ని నిలబెట్టేది పక్షవాతం వచ్చినప్పుడు పెరిగిన ఆ బీపీయే. అందుకే మూసుకుపోయిన రకంలో, ఇంజెక్షన్ ఇవ్వనప్పుడు, 220/120 దాటేదాకా డాక్టర్లు సాధారణంగా బీపీని కదిలించరు. చిట్లిన రకంలో పై బీపీని 140 దగ్గరికి తెస్తారు.

మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన టైము రాసుకోండి. 108కి ఫోన్ చేసి, రాత్రైనా సీటీ తీసే ఆసుపత్రికే తీసుకెళ్ళమనండి. షుగర్ పడిపోయినా ఇవే లక్షణాలు రావొచ్చు కాబట్టి గ్లూకోమీటర్ ఉంటే ఈలోగా చూడండి. వాడుతున్న మందుల చీటీ, ముఖ్యంగా గడ్డకట్టకుండా వాడేవుంటే, వెంట తీసుకెళ్ళండి.