‘పదండి, అలా బీచ్‌కెళ్లొద్దాం’ గారికి

మహారాజశ్రీ ‘పదండి, అలా బీచ్‌కెళ్లొద్దాం’ గారి సముఖమునకు విశాఖపట్నం వాస్తవ్యులు వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరు ఎప్పుడు పుడతారో మాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, సోమవారం మీటింగు గుర్తొచ్చి ఇంటాయనకి మెడ పట్టేసిన నిమిషాన పుడతారు. పుడుతూనే, ‘ఏమీ సర్దక్కర్లేదు, ఇలా వెళ్లి అలా వచ్చేద్దాం’ అంటారు. సరిగ్గా ఆ మాటతోనే వంటింట్లో సర్దుడు మొదలవుతుంది. సరదా పుట్టింది ఆయనకి. పావుగంటలో పిల్లల బట్టలు, తువ్వాళ్లు, నీళ్లసీసాలు, అత్తగారి బీపీ మాత్ర వెతికేది ఆవిడ. తమరు ఒత్తిడి తగ్గించరని ఎవరన్నారు? ఆయన మీంచి దించి ఆవిడ నెత్తిన పెడతారు, అంతే.

తమరి మొదటి మోసం సూర్యాస్తమయం. సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే చూద్దామని బయల్దేరదీస్తారు. స్వామీ, ఇది తూర్పు తీరం. సాయంత్రం సూర్యుడు ఆర్కే బీచ్‌లో కూర్చున్నవాళ్ల వీపు వెనక, అపార్ట్‌మెంట్ల చాటున దిగిపోతాడు. నీళ్లలోంచి లేచేది పొద్దున, మే నెలలో ఐదున్నరకి ముందే. ఆ వేళకి ఇసుక చల్లగా ఉంటుంది, జనం పలచగా ఉంటారు. వాకింగ్ వాళ్ల కోసం బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు కనక కారు పక్కవీధిలో పెట్టి నడవాలి. తమరికి అది కిట్టదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఊరందరి చెవిలో ఒకేసారి ఊదుతారు.

పోనీ సోమవారం సెలవు పెట్టించి, పిల్లలకి సబ్‌మెరైన్ చూపిద్దామంటారా? సోమవారం కురుసుర మ్యూజియం మూసేస్తారు. 1969లో డ్యూటీలో చేరి 2001లో రిటైరైన జలాంతర్గామికి కూడా వారానికో రోజు ఖాయంగా సెలవుంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరైనా చెబితే బావుణ్ణు.

ఇక నీళ్లు. ఇక్కడ మాత్రం వెటకారం కాస్త పక్కన పెడతాం. అలలు రెండు పక్కలా నురగలు కక్కుతూ విరుగుతుంటాయి, మధ్యలో ఒకచోట నీళ్లు నున్నగా, బుద్ధిమంతుల్లా కనిపిస్తాయి. ‘అదిగో, అక్కడ అలల్లేవు’ అని తమరు పిల్లల్ని అక్కడే దింపిస్తారు. ఒడ్డెక్కిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తే దారి చాలాసార్లు అదే. అందులో చిక్కినవాళ్లు ఒడ్డుకేసి ఎదురీదితే ఎంత గజఈతగాళ్లైనా అలిసిపోతారు. ఒడ్డు పొడవునా పక్కకి ఈది, ఆ లాగుడు దాటాక అలలతో పాటు బయటికి రావాలి. అంత శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ‘మోకాలి లోతేగా’ అనే మాట ఒక్క అల వచ్చేదాకానే నిజం. అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుక కూడా లాక్కుపోతుంది. తడిసిన జీన్సు, తడిసిన చీర కాళ్లకి చుట్టుకుని మిగతా పని పూర్తి చేస్తాయి. పైగా ఒడ్డు ఏటా ఒకేలా ఉండదు. ఔటర్ హార్బర్ గోడలు కట్టినప్పట్నుంచి దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక అక్కడే ఆగిపోతోంది, పోర్టు వాళ్లు తవ్వి తెచ్చి ఇటు పోస్తున్నారు. కాబట్టి ‘మాకు తెలిసిన చోటే’ అనకండి. లైఫ్‌గార్డు ఈల వేస్తే వేళాకోళం అనుకోకుండా బయటికి రండి.

కారు రిమోట్ తాళం ప్యాంటు జేబులో పెట్టుకుని అలలో దిగే పెద్దమనుషులు తమ శిష్యులే కదా? ఉప్పునీరు తగిలిన రిమోట్ ఇంటికి వెళ్లే వేళకే చచ్చిపోతుంది. తాళం గట్టున కూర్చున్న పెద్దావిడ కొంగున ముడేయండి. అంతకు మించిన లాకరు లేదు. తడి ఇసుకని తువ్వాలుతో రుద్దితే చర్మం గీసుకుపోతుంది. ఆరనిచ్చి దులపాలి. ఆగలేకపోతే టాల్కం పౌడరు చల్లితే తడి పీల్చుకుని ఇసుక రాలిపోతుంది. డిక్కీలో రెండు సీసాల నీళ్లు కాళ్లు కడుక్కోవడానికి విడిగా ఉంచాలి, అవి తాగేయకూడదు.

ముంత మసాలా తినే ముందు కలిపించుకోవాలి, సముద్రపు గాలికి మరమరాలు నిమిషాల్లో మెత్తబడతాయి. చేపల మాటకొస్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. మే నెలలో ‘ఇప్పుడే తీసిన వంజరం’ అంటే, ఏ ఐసుపెట్టెలోంచి అని అడగండి.

తమర్ని రావద్దనడం లేదు. వస్తే తెల్లారకముందే రండి. సంచి తలుపు వెనక సర్దే ఉంచుతాం, మోయాల్సింది మాత్రం ‘ఏమీ సర్దక్కర్లేదు’ అన్న నోరే. ఆఫీసు ఫోను ఇంట్లో ఉండాలి. తీరంలో సిగ్నల్ దివ్యంగా ఉంటుంది, అదే మా గొడవ.

ఇట్లు,
తమ విధేయులు,
వెనక సీట్లో మధ్యన ఇరుక్కునేవాళ్లు

తా.క.: తీరా ఆర్కే బీచ్ చేరాక ‘భీమిలి దాకా పోదామా?’ అనడం మానండి. అది పాతిక కిలోమీటర్ల పైమాట. అడిగే ముందు పెట్రోలు ముల్లు చూడండి, చంటివాడు ఒకటికి వెళ్లాడో లేదో కనుక్కోండి.