మహారాజశ్రీ తుప్పు గారికి

మహారాజశ్రీ తుప్పు గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. కాకినాడ ఉప్పుగాలి వీస్తున్నంత కాలం మీకు తిండికి లోటు ఉండదని మా పెదనాన్నగారి పాత ప్రీమియర్ పద్మిని కారుని చూస్తేనే తెలిసిపోతోంది.

ముందు అభినందనలు అందుకోండి. ఆ కారు మీద మా ఇంట్లో హక్కు చాలామందికి ఉంది, ప్రేమ అయితే అందరికీ ఉంది. పండక్కి వచ్చిన ప్రతివాడూ బానెట్ మీద చెయ్యేసి ఫొటో దిగడం, "నాన్నగారి గుర్తు, అమ్మే ప్రసక్తే లేదు, ఎప్పటికైనా బాగు చేయిద్దాం" అనడం, భోంచేసి వెళ్లిపోవడం. పెదనాన్న పోయాక ఆ పాకలో దాన్ని కనిపెట్టుకుని రాత్రీ పగలూ ఉన్నది మీరొక్కరే. ఒక్కరోజు సెలవు పెట్టలేదు, వాటా కూడా అడగలేదు (అడగకుండానే తీసుకున్నారనుకోండి, అది వేరే విషయం).

మీ పనితనం కూడా మెచ్చుకోవాల్సిందే. డోర్ల కింది అంచులో వాననీళ్లు కారిపోవడానికి కంపెనీవాళ్లు చిన్న బెజ్జాలు పెడతారు. అవి మట్టితో పూడితే చాలు, మీరు లోపల కాపురం పెట్టేస్తారు. బ్యాటరీ కింద యాసిడ్ కారిన చోట, మ్యాట్ల కింద తడి ఆరని చోట, ఎవరూ తొంగిచూడని మూలల్లోనే మీ మకాం. తిన్న ఇనుము కంటే మీరు ఎక్కువ చోటు ఆక్రమిస్తారు కాబట్టి పైన పెయింటు పొక్కుతుంది, ఆ చిన్న పొక్కు మా కంటపడేసరికి మీరు అద్దెకు దిగి ఇల్లు రాయించుకున్న బాపతులా లోపలంతా సర్దేసుకుని ఉంటారు.

కారు చూడ్డానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకే ప్రశ్న: "స్టార్టవుతుందా?" అయ్యా, అది 1089 సీసీ ఇంజన్, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి కొన్నాళ్లు నానబెడితే మూలుగుతూనే తిరిగింది, కార్బురేటర్‌లో ఎండి జిగురైపోయిన పెట్రోల్ గోకితే ఊపిరీ పీల్చుకుంది. అసలు బాధ కిందుంది. పద్మినికి విడిగా ఛాసిస్ (కింద బరువు మోసే చట్రం) అంటూ ఉండదు, బాడీయే ఛాసిస్. నేల రేకూ, డోర్ల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగమూ కలిసి మొత్తం బరువు మోస్తాయి. మీరు సరిగ్గా దాన్నే ఎంచుకున్నారు. మేస్త్రి జాకీ పెట్టి లేపబోతే కారు అంగుళం లేవలేదు, జాకీయే కర్రుమంటూ రేకు చీల్చుకుని లోపలికి దూరింది. ఆయన పాదాల మీద ఎర్రటి పొరలు ఇంతంత రాలాయి, వాటితో పాటు ఒక చచ్చిన జెర్రీ, పాత అయిదు పైసల బిళ్లా. బిళ్లకి మాత్రం మీరు పట్టలేదు, అది అల్యూమినియం కదా.

ఇంత చేసినా మీ మీద నాకు పెద్ద కోపం లేదు, ఎందుకంటే మీరు దాచి మోసం చేసేవాళ్లు కాదు, గోకితే బయటపడతారు. నా కోపమంతా మీకు దుప్పటి కప్పి కాపాడిన పుట్టీ మీద. ఎప్పుడో ఒక షెడ్డులో "ఫుల్ బాడీ వర్క్" అని డబ్బు తీసుకుని చిల్లుల్లో గుడ్డపేలికలు కుక్కి, వాటి మీద వేలెడు మందాన పుట్టీ మెత్తి, అద్దంలా పెయింటు కొట్టి పంపించారు. ఇప్పుడు ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ తీసుకెళ్లి డోర్‌కి పెట్టి చూశాం. పైన బాగానే అంటుకున్నాడు, కింద సగంలో ఎక్కడ పెట్టినా స్వామివారు జారిపోయారు. రేకే లేదు మరి, ఆయన మాత్రం దేన్ని పట్టుకుంటాడు? ఇక మిమ్మల్ని ఆపుతుందని అందరూ నమ్మే, పెయింటు కింద పూసే రెడ్ ఆక్సైడ్ సంగతి చెప్పనా, అందులో ఎర్రరంగు కూడా ఐరన్ ఆక్సైడే, అంటే మీ దాయాది! శుభ్రంగా గోకి పూస్తే మా వైపు ఉంటాడు, గోకకుండా మీ మీదే పూస్తే మీతో కలిసిపోతాడు.

మీరంటే భయపడని వాళ్లు లేరనుకోకండి. సముద్రం పక్కనే ఉన్న ముంబైలో పద్మిని ట్యాక్సీలను మీరేం చెయ్యగలిగారు? చివరగా రిజిస్టరైన పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబర్ 29 నాటిది, అది 2023 అక్టోబర్ చివరిదాకా ఉంది, దాన్ని దింపింది కూడా మీరు కాదు, సర్కారువారి 20 ఏళ్ల రూలు. డ్రైవర్లు రోజూ తిప్పారు, చిల్లు పడితే ఆ వారమే రేకు వేయించారు. గుర్తు అనీ జ్ఞాపకం అనీ పాకలో పెట్టి తాళం వెయ్యలేదు.

సర్కారు అంటే గుర్తొచ్చింది, కాగితాలకు పట్టే తుప్పు మీకంటే ఘాటు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు, 2025లో 20 ఏళ్లు దాటిన వాటికి 10,000 అన్నారు. పాతకాలపు కార్లకిచ్చే వింటేజ్ నంబర్ తీసుకుందామంటే 50 ఏళ్లు నిండాలి. మాది 1979 మోడల్. అంటే ముసలిదని జరిమానా వెయ్యడానికి వయసు సరిపోయింది, ముసలిదని గౌరవించడానికి చాల్లేదు.

సరే, ఇక రాజీ షరతులు. మేస్త్రి డోర్ల మధ్య ఇనుప పట్టీలు అడ్డంగా వెల్డ్ చేసి బాడీ కుంగకుండా బిగించాడు, అలా బిగించకుండా కింద కోస్తే తర్వాత డోర్లు మూసుకోవట. రేపట్నుంచి మీరున్న భాగమంతా కోసేసి కొత్త రేకు వేస్తారు, పుట్టీ అగ్గిపుల్ల మందం దాటితే డబ్బివ్వనని ముందే చెప్పాను. బెజ్జాలు వాన పడ్డప్పుడల్లా నేనే పుల్లతో కెలుకుతాను. సైలెన్సర్ మాత్రం మీకే రాసిచ్చేస్తున్నాను, ఇంజన్ ఆపినప్పుడల్లా లోపల చేరే తడిని నేనెలాగూ ఆపలేను, నిదానంగా తినండి. మేస్త్రి అడ్వాన్స్ కోసం ఫోన్ చేస్తున్నాడు, ఉంటాను.

ఇట్లు,
తమరి వల్ల గ్రైండర్ డిస్కులు డజన్లలెక్కన కొంటున్న
ఒక తమ్ముడి కొడుకు