ఆనందానికి కమిటీ వేశాం

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో దేవుని సన్నిధిలో ఆనందించాలని ఏటా ప్రసంగాల్లో వింటాం. చెప్పడం తేలికే. ఆ ఆనందానికి హాలు ఎవరు బుక్ చేస్తారు? డిసెంబర్‌లో బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగు సంఘానికి హాలు దొరకడంతో పోలిస్తే మరియ యోసేపులకు చోటు లేదన్న బేత్లెహేము సత్రమే నయం. వాళ్లు కనీసం అడ్వాన్స్ అడగలేదు.

అయినా మనవాళ్లు వెనక్కి తగ్గే రకం కాదు. ఎదురుచూడమని ఇచ్చిన నాలుగు ఆదివారాలు వృథా పోకుండా పండగకు ముందే పండగ చేసుకునే సెమీ క్రిస్మస్ అనే గొప్ప ఏర్పాటు చేశారు. యూత్ సెమీ క్రిస్మస్, స్త్రీల సమాజం సెమీ క్రిస్మస్, అపార్ట్‌మెంట్ సెమీ క్రిస్మస్, ఆఫీసు సెమీ క్రిస్మస్. ఇరవై ఐదో తేదీ వచ్చేసరికి గొంతు పోయి ఉంటుంది, ప్లమ్ కేక్ పేరెత్తితే కడుపులో తిప్పుతుంది. దీన్ని తప్పుపట్టేవాళ్లు వట్టి ఛాందసులు. ఆరో శతాబ్దంలో గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతపు క్రైస్తవులు నవంబర్ 11 తర్వాత క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండేవారట. పాపం, వాళ్లకు బిర్యానీ తెలియదు.

1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే పాస్టర్ ఉండేవాడు. తను పెంచుతున్న పేద పిల్లలు పండగ ఎప్పుడని ప్రాణం తీస్తుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడు. అంత శ్రమ దేనికి? ఆ సాయంత్రమే ఒక కేక్ కోసేస్తే పిల్లల సందేహం తీరిపోయేది.

ఆగమన కాలపు మూడో ఆదివారం ప్రత్యేకంగా ఆనందానికి కేటాయించింది. ఆ రోజు వెలిగించే కొవ్వొత్తి గులాబీ రంగు. కాబట్టి చీరలూ గులాబీవే ఉండాలని స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూప్‌లో తీర్మానం చేసింది. ఏ గులాబీ అన్న దగ్గర సంఘం చీలిపోయేంత పనైంది. బేబీ పింక్ అని కోడళ్లు, రాణి పింక్ అని అత్తలు, మధ్యలో ఉల్లిపొర రంగు అంటూ పాస్టరమ్మగారు. చివరికి చిక్‌పేటలో అంతమందికీ ఒకే షేడ్ దొరకలేదు, రామా గ్రీన్ ఖాయం చేశారు. నిజమైన ఆనందానికి రంగుతో పని లేదని అప్పుడు అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

ఈ విషయంలో లేఖనాలు మనకు సహకరించవు, అదే చిక్కు. యేసు తల్లి కాబోయే మరియ వందనం చెవిన పడగానే ఎలీసబెతు కడుపులోని బిడ్డ ఆనందంతో గంతులేశాడు. ఇంకా పుట్టనివాడు, ఏ కమిటీలోనూ మెంబర్ కాడు, కీబోర్డ్ వినలేదు. వాళ్ల నాన్న జెకర్యా దేవాలయంలో ధూపం వేస్తూ దేవదూత మాట నమ్మనందుకు, బిడ్డ పుట్టి పేరు పెట్టేదాకా మూగవాడయ్యాడు. యాజకుడికి అన్ని నెలల మౌనం! ఇంత చక్కటి ఆచారాన్ని మన సంఘాలు ఎందుకు అందిపుచ్చుకోలేదో నాకు అర్థం కాదు. ఇక అపొస్తలుడు పౌలు. ఎల్లప్పుడూ ఆనందించండని ఫిలిప్పీ సంఘానికి రాసినప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. డెకరేషన్ లేదు, సౌండ్ సిస్టమ్ లేదు. ఆడిట్‌లో చూపడానికి ఒక్క బిల్లూ లేని ఆనందాన్ని ట్రెజరర్ ఎలా పాస్ చేస్తాడు?

మొన్నటి కమిటీ మీటింగ్‌లో, గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ లేచి, "అయ్యగారూ, ఒక్క ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా ఆయన సన్నిధిలో కూర్చుందామా?" అని అడిగింది. ఎజెండాలో లేని అంశం. అయినా పెద్దవయసు కదా, చర్చకు తీసుకున్నారు.

ఏమీ చేయకపోతే జనం ఫోన్లు తీస్తారని ఒకరు, పోనీ కీబోర్డ్ సన్నగా వాయిద్దామని ఇంకొకరు. లైవ్ చూసేవాళ్లు నెట్ పోయిందనుకుంటారని మీడియా తమ్ముడికి టెన్షన్. అందుకని స్క్రీన్ మీద "మౌనం జరుగుతోంది, దయచేసి లైన్‌లో ఉండండి" అని వేయడానికి ఒప్పందం కుదిరింది. పెద్దావిడ ఇంకేదో అనబోయింది గానీ అప్పటికే తర్వాతి అంశం, జనరేటర్ అద్దె, మొదలైంది.

మొత్తానికి ఐదు నిమిషాలూ మంజూరయ్యాయి. వందన సమర్పణకూ భోజనాలకూ మధ్యన. ఆ టైమ్‌లో వెనక బల్లలు వేసుకుంటామని క్యాటరింగ్ వాళ్లు ముందే చెప్పారు.