నల్లబల్ల లేని పాఠం

2020 మార్చి మూడో వారంలో హాస్టళ్లు ఖాళీ చేయించారు. నాలుగు రోజుల సెలవులనుకుని పిల్లలు పుస్తకాలు గదుల్లోనే వదిలేసి ఊళ్లకెళ్లారు. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కొద్ది రోజులకే మాకు వాట్సాప్‌లో మెసేజ్: సోమవారం నుంచి ఆన్‌లైన్ క్లాసులు. అంతే. ఎలా చెప్పాలో నేర్పినవాళ్లు లేరు, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా అని అడిగినవాళ్లూ లేరు.

20 ఏళ్లుగా ఎమ్మెస్సీ వాళ్లకు లెక్కలు చెబుతున్నాను. ఒక సిద్ధాంతం నిరూపించాలంటే బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా రాయాలి. మధ్యలో ఆగి పిల్లల మొహాలు చూడాలి. అర్థమైందో లేదో ఆ మొహాలే చెబుతాయి. ఇప్పుడు వంటింట్లో రెండు స్టీలు డబ్బాల మీద ఫోను కెమెరా కిందికి చూసేలా ఉంచి, కింద కాగితం పెట్టి రాస్తున్నాను. తెర మీద నల్లటి గడులు, వాటిలో పేర్లు. "అర్థమైందా?" అంటే జవాబుండదు. ఉచిత యాప్ కాబట్టి 40 నిమిషాలకే, నిరూపణ సగంలో ఉండగానే తెగిపోతుంది. మళ్లీ లింకు పంపితే సగం మంది తిరిగి రారు.

వాళ్లనేమనగలం? పాడేరు వైపు అమ్మాయి ఒకతి సిగ్నల్ కోసం రోజూ గుట్టెక్కుతోంది. మొన్న క్లాసు మధ్యలో, "మేడమ్, వాన మొదలైంది, దిగిపోతున్నా" అని మెసేజ్ పెట్టింది. నాకు గుండె కలుక్కుమంది. సాయంత్రం పైనుంచి ఫోను: హాజరు శాతం పంపండి, మధ్యలో వెళ్లినవాళ్లకు ఆబ్సెంట్ వేయండి.

నేను హాజరే వేశాను. రేపూ వేస్తాను.