గోడ మీది పిల్లి గారికి

మహారాజశ్రీ 'కన్నా తక్కువ' గుర్తు గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

పెద్ద సంఖ్య కనిపిస్తే నోరు బార్లా తెరుస్తారు, చిన్న సంఖ్యను ముక్కుతో పొడుస్తారు. దానికి నాకు అభ్యంతరం లేదు, మా ఆఫీసులో మేనేజర్లూ అంతే. రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త సమాన గుర్తును 1557లోనే తెచ్చాడు. మీరేమో థామస్ హారియట్ అనే మరో గణితవేత్త పోయిన పదేళ్లకు, 1631లో ఆయన పుస్తకంలో అచ్చయ్యారు. సమానత్వం ముందొచ్చి అసమానత తర్వాత వచ్చింది లోకంలో ఇక్కడొక్కచోటే అనుకుంటాను.

నా కోపమంతా మైనస్ దగ్గర మీ ప్రవర్తన మీద. మొన్న మా అమ్మాయి −3ఎక్స్ < 12 అనే అసమీకరణం తెచ్చింది. రెండు వైపులా −3తో భాగించి ఎక్స్ < −4 అని రాసింది. తప్పు. ఋణ సంఖ్య తగలగానే మీరు అటు తిరిగిపోతారు, జవాబు ఎక్స్ > −4. "ఎందుకు నాన్నా?" అంది. మా మాస్టారు నాకు చెప్పిన కారణం "తిప్పాలి, అంతే". చేతిలో బెత్తం ఉన్నప్పుడు అంతకు మించిన నిరూపణ అక్కర్లేదు.

బెత్తం లేని నేను అప్పుల్లోకి దిగాను. నీ దగ్గర 2 రూపాయలు, నా దగ్గర 5 ఉంటే నేనే గొప్ప. ఆ డబ్బే బాకీ అయితే? 2 బాకీ ఉన్న నువ్వే నయం. 2 < 5 కాస్తా −2 > −5 అయింది. మనుషులే తారుమారైతే మీరు మాత్రం తిరగక ఏం చేస్తారు! ఇంటి అప్పు వాయిదా గుర్తొచ్చి నాకే ఇంకా బాగా అర్థమైంది. పిల్లి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తర్వాత ఆటో. ఈ ఊళ్లో 2025 ఆగస్టు నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. జేబులో 200. వెళ్లే దూరం ఎక్స్ కిలోమీటర్లు అనుకుంటే, ఛార్జీ 200 దాటకూడదు: 36 + 18(ఎక్స్ − 2) ≤ 200. బ్రాకెట్ విప్పితే 36కు 36 పోయి 18ఎక్స్ ≤ 200. "11 కిలోమీటర్లు హాయిగా వెళ్లొచ్చు" అంది అమ్మాయి. డ్రైవరు "మీటర్ మేలె ఐవత్తు" అన్నాడు, అంటే మీటరు మీద ఇంకో యాభై. 18ఎక్స్ + 50 ≤ 200. ఎనిమిది దాటి కాస్త, అంతే.

"ఆయన మైనస్ 50 అంటే గుర్తు తిరుగుతుందా?" అని అడిగింది. కూడికకూ తీసివేతకూ అది చలించదమ్మా, అలా అనే డ్రైవరు దొరికితే నా తల తిరుగుతుంది అన్నాను.

ఇట్లు,
మిగతా మూడు కిలోమీటర్లు నడిచినవాడు