మెడికల్ లీన్ గారికి ఒక భాగస్థుడు రాయునది

మహారాజశ్రీ మెడికల్ లీన్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ డాలస్‌లో నా మెడ తప్ప అందరం క్షేమం. యాక్సిడెంటులో దెబ్బ తగిలినవాడికి వచ్చే పరిహారంలోంచి తన బిల్లు పట్టుకునేందుకు ఆస్పత్రికి ఉన్న హక్కే కదా మీరు; మీ క్షేమం అడగనక్కర్లేదు. ఆ హక్కు ఇచ్చిన టెక్సస్ చట్టం, ప్రాపర్టీ కోడ్ 55వ అధ్యాయం, మిమ్మల్ని చల్లగా చూసుకుంటోందని తెలిసింది.

ట్రక్కు నా కారును వెనక నుంచి గుద్దిన నాడు ఆస్పత్రిలో ఒక్క రాత్రి ఉన్నాను. ఒక స్కాన్, నాలుగు మాత్రలు, మెడకో పట్టీ. నా ఇన్సూరెన్స్ కార్డును కౌంటర్లో అమ్మాయి రెండువైపులా ఫొటో తీసుకుంది. అయినా బిల్లు అక్కడికి వెళ్లలేదు. మీరు మాత్రం కౌంటీ క్లర్కు కార్యాలయంలో నమోదై కూర్చున్నారు. ఇన్సూరెన్స్‌కు పంపితే ఒప్పందపు రేటే వస్తుందట, మీ ద్వారా అయితే పూర్తి రేటు అడగవచ్చట. మా లాయరు గారు చెప్పేదాకా ఈ కిటుకు నాకు తెలియదు.

ట్రక్కు వాళ్లతో రాజీ కుదిరి 60,000 డాలర్ల చెక్కు వచ్చింది. చెక్కా అది, శుభలేఖ! దాని మీద లాయరు పేరు, ఆస్పత్రి పేరు. పెళ్లికొడుకు పేరు వెతుక్కోవలసి వచ్చింది. ‘ముందు బ్యాంకులో వేసేయి, అడిగినప్పుడు చూద్దాం’ అన్నాడు మా బావ. పాపం, ఆయనకు మీతో పరిచయం లేదు. మీ బాకీ తేల్చకుండా రాసుకున్న రాజీపత్రం ఇక్కడ చెల్లదు.

మా తాతగారు కళ్లంలో ధాన్యం తూర్పారపడుతుంటే షావుకారు ఖాళీ బస్తాలతో చింతచెట్టు కింద కూర్చునేవాడట. మీరూ ముందే వైద్యం చేయించిన వారు, కాదనను. కానీ షావుకారు వడ్డీ ఎంతో విత్తనాల నాడే చెప్పేవాడు.

నాకు వచ్చినదానిలో మీ వాటా సగం దాటకూడదని చట్టం కాస్త కనికరించింది. మీరు అడిగింది 24,300. లాయరు ఆఫీసులో ఒకావిడ పెన్సిలు పట్టుకుని బిల్లు వరుసవరుసా చదివి, నాకు తీయని రెండో స్కాన్‌ను పట్టేసింది. నాలుగు నెలల బేరం తరువాత మీరు 14,000కు దిగారు. బెండకాయలు విరిచి చూసి మరీ కొనే మా అమ్మ ఆవిడను చూస్తే మెచ్చుకునేది.

మీ చుట్టాలూ తక్కువవారు కారు. ఫిజియోథెరపీకి డబ్బు కట్టిన మా ఆఫీసు ఆరోగ్య బీమా ప్లాను 6,000 పట్టుకుపోయింది. కార్డు మీద బొమ్మ ఇన్సూరెన్స్ కంపెనీది, డబ్బు మా యజమానిది. అలాంటి ప్లాన్లకు 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం కొండంత అండ, రాష్ట్రం ఇచ్చే రక్షణలు దాని ముందు నిలవవు. ఇక పెద్దవారి తరఫున మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా 1980 నుంచి ఇదే పనిలో ఉంది. దాని తుది నోటీసు వచ్చాక 60 రోజుల్లో కట్టకపోతే వడ్డీ కూడా వేస్తుంది.

లాయరు గారికి మూడో వంతు, ఖర్చులకు 1,200 పోగా నా చేతికి 18,800 వచ్చాయి. మిగిలినదంతా ఎవరెవరిలోనో లీనమైపోయింది. మీ పేరులోనే ఉందిగా!

మీరు వదిలిపెట్టినట్టు కాగితం నిన్న అందింది. బిల్లులో 412 డాలర్లు పలికిన మెడ పట్టీని మా ఆవిడ అద్దాల బీరువాలో, వెండి కుందుల పక్కన పెట్టింది.

ఇట్లు,
గాయం మొత్తం తన వాటాకే వచ్చిన
మీ భాగస్థుడు